పత్తికొండలో ఆగిన వీడ్కోలు యాత్ర

'ది క్రౌన్' సిరీస్ చూసినవాళ్ళకు ఆ సీన్ గుర్తుండే ఉంటుంది. 1952 జనవరి 31న ఎలిజబెత్ యువరాణి భర్తతో కలిసి లండన్ నుంచి బయలుదేరుతుంది. కెన్యా మీదుగా ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వెళ్ళాలని ప్లాన్. ఫిబ్రవరి 6 తెల్లవారుజామున ఇంగ్లండ్‌లో తండ్రి ఆరో జార్జి నిద్రలోనే పోతాడు. అడవిలో చెట్టు మీద కట్టిన హోటల్లో రాత్రంతా ఏనుగుల్ని చూసొచ్చిన అమ్మాయికి, తాను రాణినయ్యానని ఆ మధ్యాహ్నం దాకా తెలియదు. టూర్ అక్కడితో ఆగిపోయింది. మరుసటి రోజుకే ఆమె లండన్‌లో ఉంది. ఆగిన ఆ ప్రయాణం 1953-54లో మళ్ళీ జరిగింది.

దానికి 125 ఏళ్ళ ముందు మన రాయలసీమలోనూ ఒక పాలకుడి యాత్ర చావుతో ఆగింది. తేడా ఏమిటంటే ఇక్కడ పోయింది ఎక్కడో ఉన్న రాజు కాదు, యాత్రలో ఉన్న మనిషే. ఆయన రాజు కూడా కాదు, మద్రాసు గవర్నరు. కానీ మనవాళ్ళు ఆయన్ను రాజుకంటే ఒక మెట్టు పైనే కూర్చోబెట్టారు. ఋషిని చేశారు, పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నారు. ఆయనే సర్ థామస్ మన్రో. మాది బెళుగుప్ప వైపు. మా దిక్కున ఆయన పేరు తెలియని పెద్దవాళ్ళు అరుదు. ఆయన అసలేం చేశాడని అడిగితే మాత్రం ఒక్కొక్కరూ ఒక్కో కథ చెప్తారు. ఆ కథల్లో ఎన్ని నిలబడతాయో చూద్దామనే ఇది రాస్తున్నా.

మన్రో 1761 మే 27న స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి అమెరికాతో పొగాకు వ్యాపారం చేసేవాడు. చిన్నప్పుడు తట్టు పోసి పిల్లవాడికి చెవుడు వచ్చింది. పూర్తిగా కాదు గానీ జీవితాంతం వదల్లేదు. (ఈ చెవుడు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.) గ్లాస్గో యూనివర్సిటీలో లెక్కలు, రసాయనశాస్త్రం అంటే ఇష్టపడ్డాడు. డాన్ క్విక్సోట్‌ను మూలంలో చదవాలని స్పానిష్ నేర్చుకున్నాడు. ఇంతలో అమెరికా స్వాతంత్ర్య యుద్ధం వచ్చి తండ్రి వ్యాపారం మునిగింది. కొడుకు ఈస్టిండియా కంపెనీ సైన్యంలో క్యాడెట్‌గా చేరి 1780 జనవరిలో మద్రాసులో దిగాడు. అప్పటికి ఇంకా పందొమ్మిదేళ్ళు నిండలేదు. అంటే మన సెకండియర్ వయసు.

దిగీ దిగగానే హైదరాలీతో యుద్ధం. అదంతా రాస్తే వేరే వ్యాసమవుతుంది. మనకు కావలసింది 1792 తర్వాతి సంగతి. టిప్పు దగ్గర నుంచి వచ్చిన బారామహల్‌లో, అంటే ఇప్పటి సేలం వైపు, కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ కింద ఏడేళ్ళు రెవెన్యూ పని చేశాడు. రైతు దగ్గర పన్ను ఎలా తీసుకోవాలన్న ప్రశ్న ఆయన్ను పట్టుకుంది అక్కడే. బెంగాల్లో కంపెనీ జమీందార్లను పెట్టింది. ఇక్కడ రీడ్, మన్రో ఇంకో దారి పట్టారు. మధ్యలో దళారీ లేకుండా, సర్కారుకూ రైతుకూ నేరుగా లెక్క. దానికే రైత్వారీ అని పేరు.

1800లో నిజాం, తన దగ్గరున్న కంపెనీ సైన్యం ఖర్చు కింద, మన జిల్లాలను ఇంగ్లీషువాళ్ళకు రాసిచ్చేశాడు. బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత భాగం. మన అభిప్రాయం ఎవరూ అడగలేదనుకోండి. అందుకే వీటికి దత్తమండలాలని పేరొచ్చింది. 1928లో నంద్యాల సభలో రాయలసీమ అనే పేరు పెట్టుకునేదాకా అదే పేరుతో బతికాం. ఆ దత్తమండలాలకు మొదటి ప్రిన్సిపల్ కలెక్టరు మన్రో. అనంతపురంలోనే కొన్నాళ్ళు మకాం పెట్టాడు. మకాం అన్నాను గానీ ఆయనకు ఇల్లంటూ పెద్దగా లేదు. ఏడేళ్ళలో ఎక్కువ భాగం గుడారాల్లోనే గడిచింది. ఊరికి గుడారం చేరడం, చెట్టు కింద రైతులూ కరణాలూ చుట్టూ కూర్చోవడం, లెక్కలు, గొడవలు, మళ్ళీ గుడారం ఎత్తడం. కింద నలుగురు అసిస్టెంట్లు. అందులో ఒకరు విలియం థాకరే. 'వానిటీ ఫెయిర్' రాసిన థాకరేకు ఈయన పెదనాన్న వరస.

ముందు పాళెగాళ్ళ సంగతి. అప్పటికి ఇక్కడ దాదాపు 80 మంది పాళెగాళ్ళు ఉండేవాళ్ళు. ఎవరి కోట వాళ్ళది, ఎవరి బంట్లు వాళ్ళవాళ్ళు. జనరల్ డుగాల్డ్ క్యాంప్‌బెల్ సైన్యం సాయంతో మన్రో వాళ్ళ ఆయుధాలు తీయించాడు. ఎదురు తిరిగినవాళ్ళను వెళ్ళగొట్టాడు. లొంగినవాళ్ళకు నెలకింతని భరణం ఇచ్చి కూర్చోబెట్టాడు. ఇంత కఠినంగా ఎందుకని కంపెనీ పెద్దలే లండన్ నుంచి అడిగారు. 'సైరా' చూసినవాళ్ళకు లింకు దొరికే ఉంటుంది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి అలా భరణం మీద బతికిన పాళెగాళ్ళ వంశంవాడే. 1846 తిరుగుబాటు విత్తనం ఇక్కడ పడింది.

పాళెగాళ్ళే కాదు, మామూలు ఊళ్ళూ తిరగబడ్డాయి. ఇప్పటి దేవనకొండ మండలంలో తెర్నేకల్లు అని ఒక ఊరుంది. 1801లో శిస్తు గొడవ ముదిరి ఆ ఊరివాళ్ళు తహశీల్దారును చంపేశారు. సైన్యం వచ్చింది. ఊరి మట్టికోట మీద మొదటి దాడి విఫలమైంది. కొద్ది రోజులకు ఫిరంగులతో మళ్ళీ వచ్చి, కోట పగలగొట్టి, లోపల దొరికినవాళ్ళను నరికేశారు. మన్రోను దేవుణ్ణి చేసే కథలు చెప్పేవాళ్ళు ఈ కథ చెప్పరు. ఆయన్ను ఉత్త దోపిడీదారు అని కొట్టిపారేసేవాళ్ళు కింద రాయబోయేది చెప్పరు.

అసలు పని సర్వే. 1802లో మొదలైంది. సివిల్ వాళ్ళు ఇక్కడ కొంచెం ఆగాలి. మన సర్వే ల్యాబులో గంటర్స్ చెయిన్ 66 అడుగులని చదువుకున్నాం కదా, మన్రో మనుషులు వాడిన గొలుసు దాంట్లో సగం, 33 అడుగులు. 33 బై 33 చేస్తే 1089 చదరపు అడుగులు. అలాంటివి 40 కలిపితే సరిగ్గా 43,560, అంటే ఒక ఎకరా. తెలంగాణ ఫ్రెండ్స్, కర్ణాటక ఫ్రెండ్స్ ఊళ్ళో గుంట అంటారే, ఆ 1089 చదరపు అడుగులు ఇవే. థియోడలైటు లేదు, టోటల్ స్టేషన్ లేదు. గొలుసు పట్టుకుని మనుషులు ఎండలో నడిచారు. వాళ్ళ వెనక భూమి రకం తేల్చేవాళ్ళు వెళ్ళారు. నల్లరేగడా, ఎర్రనేలా, చెరువు కిందదా, బావి కిందదా, ఉత్త మెట్టా అని పొలం పొలానికీ రాశారు. ఈ రోజు మన అడంగల్‌లో సర్వే నంబరు, విస్తీర్ణం, నేల స్వభావం అని కనిపించే గడులకు మా దిక్కున మొదలు ఇదే అనుకోవచ్చు.

సర్వే గొప్పదే, మరి శిస్తు? ఏడేళ్ళలో దత్తమండలాల వసూలు ఇంచుమించు ఒకటిన్నర రెట్లయింది. కంపెనీకి పండగే. కానీ ఆ వసూలు ఎంత బరువో అందరికంటే బాగా తెలిసినవాడు మన్రోనే. పండినదాంట్లో దాదాపు నూటికి 45 వంతులు సర్కారుకే పోతోందని ఆయనే లెక్క తేల్చాడు. బెళుగుప్ప లాంటి చోట ఈ అంకె అంటే ఏమిటో ఊహించుకోండి. జిల్లా సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. అదీ చెప్పిన టైముకు రాదు. చెనిక్కాయ వేసి మొగులు చూసే మా ఊళ్ళల్లో ఐదేళ్ళలో ఒక పంట నిండుగా వస్తే గొప్ప. అప్పట్లో చెనిక్కాయ కాదు, కొర్ర, జొన్న, పత్తి. వాన మాత్రం ఇదే. పండిన సంవత్సరం 45 వంతులిచ్చేసినవాడికి, పండని సంవత్సరం తినడానికి గింజ ఎక్కడ మిగులుతుంది?

1807లో వెళ్ళిపోయే ముందు మన్రో పైవాళ్ళకు పెద్ద నివేదిక పంపాడు. అన్ని భూముల మీదా శిస్తు నూటికి 25 తగ్గించండి, బావి కింద, చెరువు కింద భూములకు ఇంకా ఎక్కువ తగ్గించండి అని. 45లో నాలుగో వంతు తీసేస్తే 33.75, అంటే పంటలో మూడో వంతు. అప్పుడే రైతుకు నేల మీద ఆశ పుడుతుందని, భూమికి అమ్మకం విలువ వస్తుందని ఆయన వాదన. కంపెనీ ఒప్పుకోలేదు. పైగా రైత్వారీనే పక్కన పెట్టి, ఊళ్ళకు ఊళ్ళను మొదట మూడేళ్ళ గుత్తకు, తర్వాత పదేళ్ళ గుత్తకు ఇచ్చేసింది. గుత్తదార్లు చితికిపోయారు, ఊళ్ళూ చితికిపోయాయి.

నాకు మన్రో మీద గౌరవం కుదిరింది మహిమల కథల వల్ల కాదు, తర్వాత జరిగినదాని వల్ల. ఇంటికెళ్ళి ఏడేళ్ళు ఉన్నాడు, 1813లో కంపెనీ చార్టరు విషయంలో పార్లమెంటు ముందు సాక్ష్యం చెప్పాడు, 1814లో జేన్ క్యాంప్‌బెల్‌ను పెళ్ళి చేసుకుని న్యాయ సంస్కరణల కమిషన్ మీద తిరిగొచ్చాడు. గ్రామ మునసబులు, పంచాయతీలు, కలెక్టరుకే మెజిస్ట్రేటు అధికారం, ఇవన్నీ 1816 రెగ్యులేషన్ల నాటివి. మధ్యలో మరాఠా యుద్ధంలో జనరల్‌గా కూడా తిరిగాడు. 1820 జూన్‌లో మద్రాసు గవర్నరుగా వచ్చినప్పుడు, 13 ఏళ్ళ కింద కాదన్న ఆ పని ముందేసుకున్నాడు. రైత్వారీ తిరిగొచ్చింది, దత్తమండలాల్లో ఆ 25 శాతం తగ్గింపు అమలైంది. తాను పెంచిన శిస్తును అధికారం చేతికొచ్చాక తానే తగ్గించిన అధికారిని మీరెంతమందిని చూశారు? అలాగని మూడో వంతు తక్కువేం కాదు. కరువుకు ఆ లెక్క తెలియదు.

గవర్నరుగా ఇంకో పని కూడా చేయించాడు. 1822లో ప్రెసిడెన్సీ మొత్తంలో ఎన్ని బడులున్నాయో లెక్క తీయమన్నాడు. 1826కు తేలిన లెక్క 12,498 బడులు. జనాభా కోటీ 28 లక్షల పైచిలుకు. అంటే రమారమి వెయ్యిమందికి ఒక బడి. మనవాళ్ళకు చదువే లేదు, ఇంగ్లీషువాళ్ళొచ్చి నేర్పారనేవాళ్ళకు ఈ అంకె చూపించొచ్చు. పెద్ద ఉద్యోగాలన్నీ తెల్లవాళ్ళకే పెట్టుకుంటే ఈ దేశస్తుల గుణం దిగజారుతుందని, వాళ్ళను పాలనకు తయారు చేసి ఒకనాటికి తప్పుకోవాలని 1824 చివర రాసిన మినిట్‌లో వాదించాడు. ఆ మాట కంపెనీలో ఎవరికి నచ్చుతుంది? కాగితం మీదే ఉండిపోయింది. మన సి.పి. బ్రౌన్ మద్రాసు కాలేజీ ముగించుకుని కడపకు వచ్చిందీ మన్రో గవర్నరయిన 1820లోనే.

ఇక చివరి యాత్ర.

మన్రోకు ఇంటి మీద గాలి మళ్ళి అప్పటికి చాలా కాలమైంది. 1823లోనే తప్పుకుంటానని రాశాడు. బర్మా యుద్ధం వచ్చి ఆగాల్సి వచ్చింది. ఆ యుద్ధంలో చేసిన సాయానికి 1825లో బారోనెట్ బిరుదు ఇచ్చారు. 1826లో చిన్న కొడుక్కి ఒంట్లో బాగాలేక లేడీ మన్రో పిల్లవాణ్ణి తీసుకుని ఓడెక్కింది. పెద్ద కొడుకు అప్పటికే ఇంగ్లండులో ఉన్నాడు. ఆయన ఒక్కడే మిగిలాడు. తన తర్వాత రావలసిన గవర్నరు లషింగ్టన్ వస్తే ఓడెక్కడమే. ఆ ఖాళీలో ఒకసారి దత్తమండలాలు చూసి రావాలనుకున్నాడు. కలెక్టరుగా తిరిగిన ఊళ్ళు, తెలిసిన ముసలి రెడ్లు, కరణాలు. 1827 మే చివర్లో మద్రాసు నుంచి బయలుదేరాడు. అరవై ఆరేళ్ళ మనిషి, ఎండాకాలం, మళ్ళీ గుర్రాలు, గుడారాలు. చల్లబడ్డాక పోదామనుకోలేదు ఎందుకో.

ఆ దారిలో ఆయనతో పాటు ఇంకోటి కూడా ప్రయాణం చేస్తోంది. కలరా. 1817లో బెంగాల్లో చెలరేగి దేశమంతా పాకిన జబ్బు. దండు కదిలితే దానితోపాటు కదిలేది. అది తాగే నీళ్ళలో వస్తుందని లండన్‌లో జాన్ స్నో చూపించింది 1854లో. అంటే ఇంకా 27 ఏళ్ళకు. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళతో ప్రాణం నిలబెట్టొచ్చని తేలడానికి ఇంకో వందేళ్ళు పైనే పట్టింది. గవర్నరు చుట్టూ ఎంత మంది డాక్టర్లున్నా, ఇవాళ మన ఊరి ఆశా వర్కరు చేతి సంచిలో ఉండే ఓఆర్ఎస్ పొట్లం వాళ్ళ దగ్గర లేదు.

గుత్తి చేరేసరికే కాపలా సిపాయిల్లో జబ్బు కనిపించింది. జులై 6న మకాం పత్తికొండకు మారింది. పొద్దున మన్రో బాగానే ఉన్నాడు, ఎప్పటిలాగే పనిలో పడ్డాడు. కాసేపటికి మొదలైంది. అంటుకుంటుందేమోనని, తన గుడారంలో ఉండొద్దు, బయటికి పొమ్మని దగ్గరవాళ్ళకు చెప్పాడట. మధ్యలో కాస్త తేరుకున్నట్టు కనిపించింది కూడా. రాత్రి పది లోపలే ప్రాణం పోయింది. తెర్నేకల్లు అక్కడికి ఎంతో దూరం కాదు.

శవాన్ని వెనక్కి గుత్తికి తెచ్చి, కోట కొండ కిందున్న తెల్లవాళ్ళ శ్మశానంలో పూడ్చారు. మద్రాసులో కౌన్సిలు సభ్యుడు గ్రీమ్ తాత్కాలికంగా గవర్నరు బాధ్యత తీసుకున్నాడు. లషింగ్టన్ అక్టోబరులో వచ్చాడు. ఎలిజబెత్‌కు తండ్రి కబురు కొన్ని గంటల్లో చేరింది. జేన్ మన్రోకు భర్త కబురు ఓడలో, ఆఫ్రికా కొసన తిరిగి, నెలలు పట్టి చేరాలి. అన్నాళ్ళూ ఆమె లెక్కలో ఆయన బతికే ఉన్నాడు.

1831లో అస్థికలను గుత్తి నుంచి మద్రాసు ఫోర్ట్ సెయింట్ జార్జిలోని సెయింట్ మేరీస్ చర్చికి మార్చారు. పత్తికొండలో ఆయన పోయినచోట తోపు వేసి, మెట్లున్న రాతి బావి కట్టించారు. గుత్తిలో బాటసారులకు సత్రం కట్టారు. మద్రాసులో శిల్పి చాంట్రీ చేసిన గుర్రపు విగ్రహం 1839లో నిలబడింది. ఇప్పటికీ చెన్నై మౌంట్ రోడ్డు మీద చూడొచ్చు. జీను లేదు, రికాబులు లేవు. శిల్పి మరిచిపోయాడని మద్రాసువాళ్ళు జోకులేస్తారు. నా ఓటు మాత్రం విగ్రహానికి కాదు, బావికి. కరువు సీమలో ఒక మనిషి గుర్తుగా నీళ్ళు పెట్టడం కంటే తెలివైన పని ఉండదు, అందులోనూ నీళ్ళ జబ్బుతో పోయిన మనిషికి.

ఇప్పుడు కథలు. మంత్రాలయం కథ మీకు తెలిసే ఉంటుంది. మఠం మాన్యం మీద విచారణకు మన్రో వెళ్తాడు. బూట్లు విప్పి బృందావనం ముందు నిలబడతాడు. రాఘవేంద్రస్వామి ఆయనకు మాత్రమే కనిపించి మాట్లాడతాడు. పక్కన ఉన్నవాళ్ళకు ఏమీ కనపడదు, వినపడదు. మాన్యం మఠానికే ఉండిపోతుంది. బళ్ళారి గెజిటీరులో కూడా ఈ కథ ఎక్కింది. అందరి చెవులూ బాగున్నచోట ఆ చెవిటాయనకే స్వామి మాట వినిపించిందని చెప్పుకోవడం ఎంత బాగుందో చూడండి. ఆయన చెవుడు సంగతి తెలిసే ఇలా అల్లారో, తెలియకుండానే కుదిరిందో.

ఇంకొకటి కడప జిల్లా గండిలోది. పాపఘ్ని కొండల్ని చీల్చుకుని వచ్చేచోట, రెండు కొండల మధ్య బంగారు తోరణం ఉందంటారు. అది మామూలు కళ్ళకు కనపడదు, చావు దగ్గరపడినవాళ్ళకే కనపడుతుంది. మన్రో అటు పోతూ తలెత్తి, ఆ తోరణం ఎవరు కట్టారని అడిగాడట. వెంట ఉన్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. తర్వాత కొద్ది రోజులకే పత్తికొండ. తిరుమలలో మన్రో గంగాళం ఉండనే ఉంది. మా దిక్కున ఆయన్ను మాండవ్య ఋషి అన్నారు. మన్రోలప్ప అని కొడుకులకు పేర్లు పెట్టుకున్నారు.

ఈ కథలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకొకటి తట్టింది. మంత్రాలయం కథలో అసలు భయం మాన్యం పోతుందేమోనని. సర్వే గొలుసు ఊళ్ళోకి వచ్చిన ప్రతిచోటా అదే భయం. ఆ గొలుసు పట్టుకున్నవాడికి మన దేవుడు కనిపించాడంటే, ఇక వాడు మనది లాక్కోడు. భయపెట్టగలిగినవాణ్ణి మనవాణ్ణి చేసుకోవడం అన్నమాట. ఇది భక్తి కాదని నేననడం లేదు. భక్తిలో కొంత లెక్క కూడా ఉందంటున్నా. తెర్నేకల్లులో గోడ కట్టుకుని ఎదిరిస్తే ఏమైందో చుట్టుపక్కల ఊళ్ళన్నీ చూశాయి కదా.

మన్రో చివరిసారి నడిచిన గుత్తి, పత్తికొండ దారికి దగ్గర్లోనే ఇప్పుడు హంద్రీ-నీవా కాలువ పోతోంది. మల్యాల దగ్గర శ్రీశైలం వెనకజలాలను మోటార్లతో ఎత్తి, మెట్టు మెట్టుగా పైకి తెచ్చి, మా బెళుగుప్ప మండలంలోని జీడిపల్లి రిజర్వాయరులో పోస్తారు. ఆయన సర్వేలో ఉత్త మెట్ట అని రాసిన పొలాల్లో కొన్నిటికి ఇప్పుడు గట్టు పక్కనే నీళ్ళు కనిపిస్తున్నాయి. పొలంలోకి దిగాలంటే పిల్లకాలువలు ఇంకా తవ్వాలి. ఈసారి సెలవులకు ఎవరైనా ఆ వైపు వస్తే పత్తికొండలో బస్సు దిగి ఆ మెట్ల బావి చూడండి. గుత్తి కోట ఎలాగూ ఎక్కుతారు, దిగేటప్పుడు కింద శ్మశానంలోకి కూడా ఒకసారి తొంగిచూడండి. అక్కడ ఉన్నది ఖాళీ సమాధి.